సమ్మక్క యుద్ధగాథ: పొలవాస శాసనాధారాలు, మౌఖిక సంప్రదాయం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కాకతీయులకూ ఉత్తర తెలంగాణ మాండలికులకూ మధ్య జరిగిన యుద్ధాలు శాసనాలలో నమోదయ్యాయి. వాటిలో ఓడిన రాజుల పేర్లు ఉన్నాయి గాని, ఆయుధం పట్టిన స్త్రీల ప్రస్తావన లేదు. అదే కాకతీయ సేనతో పోరాడిన స్త్రీగా సమ్మక్కను మౌఖిక సంప్రదాయం శతాబ్దాలుగా గుర్తుంచుకొంది. శాసనాలలోని పొలవాస మేడరాజునూ, సమ్మక్క కథలోని మేడరాజునూ పక్కపక్కన పెట్టి చూడడం, ఆ కథలోని సైనికాంశాలను వేరుచేసి పరిశీలించడం, యుద్ధం చేసిన స్త్రీని మన సాహిత్య చారిత్రక సంప్రదాయం ఏయే రూపాలలో భద్రపరచిందో తెలుసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సమ్మక్క, సారలమ్మ, పొలవాస, మేడరాజు, రుద్రదేవుడు, రుద్రమదేవి, నాయకురాలు నాగమ్మ, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారంలో రెండేళ్ళకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి వేళ సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. 1996లో ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా గుర్తించింది. కరీంనగర్ సమీపంలోని రేకుర్తిలోనూ, గోదావరిఖని దగ్గరి గోలివాడలోనూ ఇదే పేరుతో జాతరలు జరుగుతాయి. ఈ జాతరపై వచ్చిన రచనలలో అధికభాగం భక్తి, జానపద విజ్ఞానం, గిరిజన సంస్కృతి అనే కోణాల నుండి సాగాయి. జాతరకు మూలమైన కథ మాత్రం ఒక యుద్ధకథ. అందులో ప్రధాన యోధురాలు ఒక స్త్రీ. ఆమె కూతుళ్ళు కూడా అదే యుద్ధంలో మరణించారు. ఈ విషయం అందరికీ తెలిసినదే అయినా, సమ్మక్కను యుద్ధచరిత్రలో భాగంగా చూసిన సందర్భాలు తక్కువ. ఆ లోటును గుర్తించి, కథను ఉత్తర తెలంగాణ రాజకీయ చరిత్రతో కలిపి చదివే ప్రయత్నం ఇక్కడ జరిగింది.

2. పొలవాస - శాసనాలు చెప్పే యుద్ధం:

నేటి జగిత్యాల పట్టణానికి దగ్గరలో ఉన్న పొలాస గ్రామమే శాసనాలలోని పొలవాస. పౌలస్తేశ్వరాలయం ఉన్న ఈ గ్రామం పేరు ఈ తరానికి వ్యవసాయ పరిశోధన స్థానం వల్ల ఎక్కువగా పరిచయం. పన్నెండవ శతాబ్దిలో ఇది ఒక మాండలిక రాజ్యానికి కేంద్రం. కళ్యాణి చాళుక్యుల అధికారం సన్నగిల్లుతున్న ఆ కాలంలో నేటి కరీంనగర్ ప్రాంతంలో పొలవాసతో పాటు నగునూరు, మంత్రకూటం (మంథని) కేంద్రాలుగా స్థానిక ప్రభువులు బలపడ్డారు. అనుమకొండ నుండి విస్తరించదలచిన కాకతీయులకు వీరు ఉత్తరాన అడ్డుగా నిలిచారు.

ఈ సంఘర్షణకు ముఖ్యాధారం రుద్రదేవుడు వేయించిన 1163 నాటి అనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం. రెండవ ప్రోలరాజు మంత్రకూటపు గుండనను ఓడించి, తల గొరిగించి, ఱొమ్ముపై వరాహముద్ర వేయించి అవమానించినట్లు అందులో ఉంది. రుద్రదేవుడు దొమ్మరాజును జయించినట్లూ, మేడరాజు గర్వమణచి పొలవాసను వశం చేసుకొన్నట్లూ అదే శాసనం చెబుతుంది. రుద్రదేవుని మంత్రి గంగాధరుని 1170 నాటి కరీంనగర్ శాసనాన్ని బట్టి, ఆ సరికి ఈ ప్రాంతం కాకతీయ పాలన కిందికి వచ్చినట్లు గ్రహించవచ్చు.

విజేత వేయించిన శాసనానికి కొన్ని పరిమితులున్నాయి. ఓడినవాడు రాజైతే అతని పేరు అవసరం, ఎందుకంటే ఓడినవాని గొప్పతనమే గెలిచినవాని గొప్పతనానికి కొలమానం. గుండన అవమానం అంత వివరంగా నమోదు కావడానికి కారణం ఇదే. కోటలో, అడవిలో, వాగు ఒడ్డున నిలిచి పోరాడిన సామాన్యుల పేర్లతో ప్రశస్తికారునికి పనిలేదు. స్త్రీ ఎదురు నిలిచి పోరాడిందని చెప్పడం విజేతకు కీర్తికరం కూడా కాదు. కాబట్టి శాసనంలో స్త్రీ పేరు లేనంత మాత్రాన యుద్ధభూమిలో స్త్రీ లేదని తీర్మానించలేం. కాకతీయ శాసనాలలో స్త్రీలు లేకపోలేదు. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం కాకతీయ వంశక్రమానికే ముఖ్యాధారం. అయితే అక్కడ ఆమె దాత్రిగా, చెరువు తవ్వించిన పుణ్యస్త్రీగా కనిపిస్తుంది. శాసనం స్త్రీకి ఇచ్చిన చోటు అది.

3. మౌఖిక కథనం - మేడారం యుద్ధం:

బహుళ ప్రచారంలో ఉన్న కథనం ఇలా సాగుతుంది. పొలవాసను పాలించే మేడరాజు వేటకు వెళ్ళినప్పుడు అడవిలో పులుల మధ్య ఆడుకొంటున్న పసిపాప కనిపించింది. ఆమెను తెచ్చి సమ్మక్క అని పేరు పెట్టి పెంచాడు. పెరిగి పెద్దదయ్యాక మేడారాన్ని పాలించే తన మేనల్లుడు పగిడిద్దరాజుకిచ్చి వివాహం చేశాడు. వారికి సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టారు. సారలమ్మ భర్త గోవిందరాజు. కాకతీయ ప్రతాపరుద్రుడు పొలవాసపై దండెత్తగా మేడరాజు మేడారంలో తలదాచుకొన్నాడు. కరవు వల్ల పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోవడం, శత్రువుకు ఆశ్రయమివ్వడం రెండూ నేరాలయ్యాయి. మంత్రి యుగంధరునితో కాకతీయ సేన మేడారంపైకి వచ్చింది. సంపెంగ వాగు దగ్గర జరిగిన యుద్ధంలో పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు నేలకొరిగారు. ఓటమిని భరించలేక జంపన్న వాగులో దూకాడు. అదే నేటి జంపన్న వాగు. సమ్మక్క ఒంటరిగా పోరు సాగించింది. ఎదుట నిలిచి గెలవలేని శత్రువు వెనుక నుండి బల్లెంతో పొడిచాడు. గాయంతోనే ఆమె చిలకలగుట్ట వైపు వెళ్ళి అదృశ్యమైంది. వెదకబోయిన వారికి నాగవృక్షం నీడలోని పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది.

ఈ కథ ఒక్క తీరుగా లేదు. బయ్యక్కపేటవారు సమ్మక్కను తమ ఆడబిడ్డగా భావిస్తారు. పూర్వం జాతర అక్కడ జరిగేదనే వాడుక కూడా ఉంది. కోయల డోలి కళాకారులు బొమ్మలు గీసిన పడిగెల ఆధారంగా వంశగాథలను గానం చేస్తారు. సమ్మక్క సారలమ్మ కథను గానం చేసిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. పొలవాస రాజు పెంచిన బిడ్డ అనే కథనం, కోయ ఇంటి బిడ్డ అనే కథనం పక్కపక్కనే జీవిస్తున్నాయి. పుట్టుక విషయంలో భేదాలున్నా, కాకతీయ సేనతో యుద్ధం చేసిందనే అంశం మాత్రం కథకు కేంద్రంగానే నిలిచింది.

4. కాలనిర్ణయ సమస్య:

కథనంలోని ప్రతాపరుద్రుని చివరి కాకతీయ ప్రభువుగా తీసుకోవడం పరిపాటి. ఆయన పాలనాకాలం 1289-1323. శాసనాల ప్రకారం పొలవాస మేడరాజు ఓటమి 1163కు ముందే జరిగింది. రెంటికీ మధ్య కనీసం 126 ఏళ్ళ అంతరం ఉంది. ఈ వైరుధ్యాన్ని చూపి కథకు చారిత్రక విలువ లేదని కొట్టివేయడం సులభం. అయితే రెండు విషయాలు ఆలోచించాలి.

మొదటిది, పొలవాసను జయించిన రుద్రదేవునికి చరిత్రకారులు వాడే మరొక పేరు మొదటి ప్రతాపరుద్రుడు. ఒకే పేరు గల ఇద్దరు రాజులలో ప్రసిద్ధుడైన తరువాతివాని ఖాతాలో ముందువాని యుద్ధం చేరడం మౌఖిక సంప్రదాయంలో అసహజం కాదు. ఈ దృష్టితో చూస్తే పొలవాసపై దండయాత్ర, మేడరాజు ఓటమి అనే రెండు అంశాలలో కథకూ శాసనానికీ పొంతన కుదురుతుంది. రెండవది, కథలో నిజానికి రెండు యుద్ధాలున్నాయి. ఒకటి పొలవాసపై, మరొకటి కప్పం కారణంగా మేడారంపై. వేర్వేరు తరాలలో జరిగిన రెండు ఘటనలు ఒకే కుటుంబగాథగా అల్లుకొని ఉండవచ్చు. ఈ రెండు ఊహలలో ఏది నిలిచినా, కథలో ఉత్తర తెలంగాణకు చెందిన నిజమైన రాజకీయ స్మృతి ఉందని చెప్పడానికి మేడరాజు పేరే సాక్ష్యం. వేయిస్తంభాల గుడి శాసనం సంస్కృతంలో ఉంది. దానిని చదివి జనం ఈ పేరు నేర్చుకొన్నారనుకోవడం కష్టం.

మౌఖిక స్మృతి కాలాన్ని ఎలా భద్రపరుస్తుందో తెలుసుకోవడానికి ఆదిలాబాద్ ప్రాంతం నుండి ఒక దగ్గరి ఉదాహరణ ఉంది. కొమురం భీమ్ 1940లో జోడేఘాట్‌లో నిజాం ప్రభుత్వ బలగాల చేతిలో మరణించాడు. ఇది రికార్డులున్న ఆధునిక ఘటన. అయినా గోండులు ఆయన వర్ధంతిని ఆంగ్ల తేదీ ప్రకారం కాక ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుకొంటారు. సమాజం తిథిని పట్టుకొంటుంది, దానిని ఏటేటా ఆచరించి నిలుపుకొంటుంది. సంవత్సరసంఖ్య దానికి ముఖ్యం కాదు. మాఘ పౌర్ణమిని ఇంత గట్టిగా పట్టుకొన్న మేడారం స్మృతిలో రాజుల వరుస తారుమారు కావడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

5. కథనంలోని సైనికాంశాలు:

అద్భుతాంశాలను పక్కనపెట్టి చూస్తే ఈ కథలో యుద్ధానికి సంబంధించిన స్పష్టమైన సమాచారం ఉంది.

యుద్ధకారణం ఆర్థికమైనది. కరవుకాలంలో కప్పం అడగడం, కట్టలేమనడం దగ్గర వివాదం మొదలైంది. స్త్రీ అపహరణ, అవమానం వంటి కావ్యకారణాలు ఇందులో లేవు. సమ్మక్క ఎవరి పగనో తీర్చడానికి కాక, తన ప్రాంతపు పంటనూ బతుకునూ కాపాడడానికి పోరాడింది.

పోరాడిన దళం ఒక కుటుంబం. భార్యాభర్తలు, కూతుళ్ళు, కొడుకు, అల్లుడు అందరూ యోధులే. కాకతీయులకు నాయకుల కింద జీతభత్యాలతో నడిచే సైన్యం ఉంది. మేడారానికి అలాంటి వ్యవస్థ లేదు. పొలం చేసే చేయి, వేటాడే చేయి, ఆయుధం పట్టే చేయి ఒక్కటే అయిన సమాజంలో స్త్రీ యుద్ధంలో ఉండడం మినహాయింపు కాదు, ఆ సమాజపు సహజస్థితి. కథ చెప్పేవారు సారలమ్మ, నాగులమ్మలు యుద్ధానికి ఎందుకు వచ్చారో ప్రత్యేకంగా వివరించకపోవడం గమనార్హం. వివరణ అవసరమని వారికి అనిపించలేదు.

యుద్ధభూమి వర్ణన స్థలానికి కట్టుబడి ఉంది. వాగు, గుట్ట, అడవి ఇప్పటికీ చూపగలిగినవి. వాగు దగ్గర శత్రువును నిలవరించడం, నిలువలేనప్పుడు గుట్ట వైపు తగ్గడం స్థానిక దళాలకు అనువైన పద్ధతి. చిన్న దళం పెద్ద సేనను ఎదుర్కొన్నప్పుడు ఆశించదగిన క్రమమే ఇది.

జాతర క్రమాన్నీ ఇక్కడ గమనించాలి. మొదటిరోజు కన్నెపల్లి నుండి సారలమ్మ, కొండాయి నుండి గోవిందరాజు, పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజు గద్దెలకు చేరుతారు. రెండవరోజు చిలకలగుట్ట నుండి సమ్మక్క వస్తుంది. మూడవరోజు అందరూ గద్దెలపై ఉంటారు. నాలుగవరోజు వనప్రవేశం. కథలో ముందు నేలకొరిగినవారు ముందురోజు, చివరిదాకా పోరాడిన సమ్మక్క మరునాడు రావడం యాదృచ్ఛికమని అనిపించదు. జాతర యుద్ధక్రమాన్ని తన ఆచారంలో నిలుపుకొందని భావించే అవకాశం ఉంది. దేవతకు విగ్రహం లేకపోవడం, వెదురును, కుంకుమ భరిణెను ప్రతీకలుగా తేవడం కూడా దేహం దొరకని యోధురాలి కథకు తగినట్లే ఉన్నాయి.

6. సైనికురాలు మరుగైన మూడు తీరులు:

సమ్మక్కను విడిగా కాక మరో ఇద్దరు స్త్రీలతో కలిపి చూస్తే ఆమె స్మృతి స్వభావం మరింత స్పష్టమవుతుంది.

మొదటివారు రుద్రమదేవి. 1262 ప్రాంతంలో పాలన చేపట్టిన ఆమె యాదవుల దాడిని తిప్పికొట్టింది. కాయస్థ అంబదేవుని తిరుగుబాటును ఎదుర్కొంది. పువ్వుల ముమ్మడి వేయించిన 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని చెబుతుంది. ఇద్దరూ యుద్ధంలోనే మరణించారని చరిత్రకారులు దీనిని బట్టి ఊహించారు. ఇంతటి యోధురాలు అనేక శాసనాలలో రుద్రదేవ మహారాజుగా, పుంలింగంలో కనిపిస్తుంది. గణపతిదేవుడు ఆమెను కుమారునిగా భావించాడని విద్యానాథుని ప్రతాపరుద్రీయం చెబుతుంది. రాజ్యం పక్షాన కత్తి పట్టాలంటే శిలపై ఆమె పురుషుడు కావలసి వచ్చింది.

రెండవవారు పల్నాటి యుద్ధంలో నలగామరాజు పక్షాన మంత్రిగా, సేనానిగా నిలిచిన నాయకురాలు నాగమ్మ. సాహిత్యం ఆమెను ఆరవెల్లితో ముడిపెడుతుంది. ఆ ఆరవెల్లి కరీంనగర్ ప్రాంతపు గ్రామమనీ, అక్కడి నుండి ఆమె కుటుంబం పల్నాడుకు తరలిపోయిందనీ ఒక వాదం ఉంది. ‘నాయకుడు’ అనేది ఆ కాలంలో సైనికాధికార పదం. దాని స్త్రీరూపమే ఆమెకు ఇంటిపేరులా నిలిచింది. అయినా అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించిన శ్రీనాథుని పలనాటి వీరచరిత్రలోనూ, అనంతర రచనలలోనూ ఆమె ప్రధానంగా కుట్రలు పన్నిన స్త్రీ. యుద్ధానికి బాధ్యత అంతా ఆమె నెత్తిన పడింది. కారంపూడి రణరంగంలో ఇరుపక్షాలూ వీరులే అయినప్పుడు, ఒక పక్షపు సేనాని మాత్రం వీరురాలు ఎందుకు కాలేదన్న ప్రశ్నకు ఆ రచనలలో జవాబు లేదు.

మూడవవారు సమ్మక్క. ఆమెను పురుషునిగా మార్చలేదు, నిందించలేదు. దేవతను చేశారు. ఇది గౌరవమే. అయితే కథ ముగింపులో దొరికినది బల్లెమో విల్లో కాక కుంకుమ భరిణె కావడంలో ఒక మార్పు ఉంది. యుద్ధంలో భర్తను కోల్పోయిన స్త్రీ చివరికి ముత్తైదువ చిహ్నంగా మిగిలింది. ఆయుధం స్థానంలోకి సౌభాగ్యం వచ్చింది. కోయ సంప్రదాయంలో పుట్టిన స్మృతి విస్తృత సమాజంలోకి వస్తున్న క్రమంలో ఈ అంశం బలపడి ఉండవచ్చు. బంగారం పేరిట బెల్లం సమర్పించే లక్షలాది భక్తులకు ఆమె కోరికలు తీర్చే తల్లి. సేనను ఎదిరించిన స్త్రీ అన్న ఎరుక ఆ వెనుక ఉంటుంది.

పురుషునిగా రాయడం, దోషిగా రాయడం, దేవతగా కొలవడం అనే ఈ మూడు పద్ధతులు పైకి పరస్పరం విరుద్ధాలు. మూడింటి ఫలితం మాత్రం ఒకటే. ఆయుధం పట్టడం సాధారణ స్త్రీ చేయగల పని అన్న భావన ఏ ఒక్కదానిలోనూ మిగలదు.

7. యోధురాలే చెప్పిన చరిత్ర:

ఈ పరిస్థితి మారడానికి ఇరవయ్యవ శతాబ్ది దాకా ఆగవలసి వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రచురించింది. దళంలో పనిచేసి, గోదావరి అటవీ ప్రాంతంలో రాజక్క పేరుతో తిరిగి, తలపై పదివేల రూపాయల వెల ప్రకటించినా చిక్కని మల్లు స్వరాజ్యం అందులో తన మాటల్లో తన అనుభవం చెప్పారు. తిండి, నిద్ర, నడక, రహస్యం, పసిపిల్లలు, పోరాటం విరమించాక ఇంటికి తిరిగి వెళ్ళవలసి రావడం వంటి విషయాలు ఆ స్త్రీల మాటల వల్లనే చరిత్రలోకి వచ్చాయి. యుద్ధంలో స్త్రీ అనుభవాన్ని ఏ ప్రశ్నలతో వెదకాలో ఆ గ్రంథం నేర్పింది. అవే ప్రశ్నలను పాతగాథలకూ వేయవచ్చు. మేడారంలో కరవునాడు దళానికి తిండి ఎలా సమకూరింది, ఓటమి తరువాత మిగిలిన స్త్రీలు, పిల్లలు ఏ ఊళ్ళకు చేరారు, ఏయే వంశాలు ఆ స్మృతిని మోశాయి అనే ప్రశ్నలకు డోలి గానాలలో, పడిగెలలో, వడ్డెల కుటుంబాల మాటల్లో జవాబులు వెదకవలసి ఉంది.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. సమ్మక్క కథలోని పొలవాస మేడరాజు 1163 నాటి శాసనం పేర్కొన్న చారిత్రక వ్యక్తితో పేరులోనూ, స్థలంలోనూ, కాకతీయుల చేతిలో ఓటమిలోనూ సరిపోలుతున్నాడు.

2. కథకూ శాసనానికీ మధ్య ఉన్న కాలవైరుధ్యానికి ఇద్దరు ప్రతాపరుద్రుల పేర్ల కలయిక గాని, రెండు యుద్ధాల కలయిక గాని కారణం కావచ్చు.

3. కప్పం, కరవు, కుటుంబదళం, వాగు, గుట్ట వంటి అంశాలు ఈ కథను యుద్ధచరిత్రకు ఆధారంగా పరిశీలించడానికి తగినవి.

4. రుద్రమ, నాగమ్మ, సమ్మక్కల స్మృతిని పోల్చినప్పుడు, స్త్రీ సైనికసేవను నేరుగా ఒప్పుకోలేని సంప్రదాయం ఆమెను పురుషునిగా, దోషిగా, దేవతగా మార్చుకొందని తెలుస్తుంది.

జాతరలో సమ్మక్కను చిలకలగుట్ట దించే సమయంలో జిల్లా పోలీసు అధికారి గాలిలోకి కాల్పులు జరిపి గౌరవవందనం చేస్తారు. కప్పం కట్టనందుకు ఒక రాజ్యం ఆమెపైకి సేనను పంపిందని కథ. నేటి రాజ్యం ఆయుధంతోనే ఆమెకు వందనం చేస్తోంది. యోధురాలికి దక్కవలసిన ఈ సైనిక మర్యాద ఆచారంలో ఉంది, పాఠ్యగ్రంథాలలోని యుద్ధచరిత్రలోకి ఇంకా రావలసి ఉంది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడిన ఈ సమయంలో, డోలి గానాల సేకరణను, జగిత్యాల, మంథని, ములుగు ప్రాంతాల శాసనాల అధ్యయనాన్ని ఒకే ప్రణాళిక కిందికి తేవడం పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.